టాటూ వేయించుకుని 5వ రోజు, 12వ రోజు అక్క పెళ్ళి. ఏం పూయాలి, ఏం పూయకూడదు?

పెడన_పిల్ల:

హాయ్ అందరికీ. ఎవర్ని అడగాలో తెలీక ఇక్కడ అడుగుతున్నా, తిట్టకండి ప్లీజ్. పోయిన శనివారం సాయంత్రం ఎడమ చేతికి టాటూ వేయించుకున్నా, మణికట్టు నుంచి మోచేతి లోపలి మడత దాకా, కలంకారీ స్టైల్లో చేప. మాది పెడన, చిన్నప్పట్నుంచి అద్దకం బల్లలు, చెక్క అచ్చులు చూస్తూ పెరిగినదాన్ని, ఇప్పుడు హైదరాబాద్ హాస్టల్లో ఉంటూ జాబ్ చేస్తున్నా, ఊరు గుర్తొచ్చినప్పుడు చూసుకోడానికి ఒకటి ఉంటే బాగుండు అనిపించి మొదటి బోనస్ మొత్తం దీనికే పెట్టేశా. గీతలన్నీ నలుపు, పొలుసుల్లో తోకలో మాత్రం ఎరుపు నింపారు. మూడున్నర గంటలు పట్టింది.

షాపులో అయిపోగానే వంటింట్లో వాడే ప్లాస్టిక్ చుట్టలాంటిది చుట్టి మూడు రోజులు తియ్యొద్దు అన్నారు. మర్నాటికే లోపల నల్లటి నీళ్ళు నిండిపోయి, ఏప్రిల్ ఎండకి చెయ్యంతా చెమట పట్టి వాసన కూడా వచ్చింది, భయమేసి ఆదివారం రాత్రే తీసేశా. తప్పు చేశానా?

అసలు సమస్య ఏంటంటే ఒక్కొక్కళ్ళు ఒక్కోటి చెప్తున్నారు. రూమ్మేట్ పసుపు కొబ్బరినూనెలో కలిపి రాయమంది. మెడికల్ షాపులో అడిగితే ఏదో ట్యూబ్ ఇచ్చి దురద, మంట, ఎలర్జీ అన్నిటికీ ఇదే అన్నాడు. ఆఫీసులో ఒకబ్బాయి డెట్టాల్ నీళ్ళతో కడగమన్నాడు. నేను మాత్రం సోమవారం నుంచి సబ్బుతో కడిగి ఊరుకుంటున్నా, ఏమీ పూయట్లేదు. ఇవ్వాళ పొద్దున్నుంచి చెయ్యి బిగుసుకుపోయినట్టుంది, అక్కడక్కడా పొట్టు లేస్తోంది, నల్లగీతల దగ్గర పర్లేదు గానీ ఎరుపున్న చోట ఇంకా కొంచెం ఉబ్బుగానే ఉంది, దురద చంపేస్తోంది.

పైగా వచ్చే బుధవారం అక్క పెళ్ళి. ఆదివారం మెహెందీ, సోమవారం పెళ్ళికూతుర్ని చెయ్యడం, అందరికీ నలుగులు పెడతారు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఫుల్ హ్యాండ్స్ చుడీదార్లు వేసుకుని నెట్టుకొస్తున్నా. మెహెందీ పెట్టించుకోవచ్చా? గాజులు? ఎవరైనా కాస్త తెలిసినవాళ్ళు చెప్పండి.

గోంగూర_బ్యాచ్:

టాటూ రెండు వారాల్లో మానుద్ది, అమ్మకి తెలిసాక పడే దెబ్బలు ఎన్నాళ్ళకి మానతాయో ముందు అది అడుగు.

బెజవాడ_సూది:

చెల్లీ, తొమ్మిదేళ్ళుగా ఇదే పని చేస్తున్నా, బెజవాడలో చిన్న షాపు. ముందు ఒక మాట, ప్లాస్టిక్ తీసేసి మంచి పనే చేశావు. అది మా దగ్గర నుంచి ఇంటికి వెళ్ళేదాకా దుమ్ము పడకుండా, బట్టలకి ఇంక్ అంటకుండా చుట్టేది, రెండు మూడు గంటల్లో తీసి కడిగేయాలి. గాలి ఆడదు, చెమట బయటికి పోదు, మన ఎండలకి మూడు రోజులు ఉంచితే లోపల ఉడికిపోద్ది. మూడు నాలుగు రోజులు ఉంచేది వేరే ఉంది, సెకండ్ స్కిన్ అంటారు, పల్చటి స్టిక్కర్ లాగా అంటుకుని ఉంటది, దాంట్లోంచి గాలి ఆడుద్ది గానీ నీళ్ళు లోపలికి పోవు. అది వేస్తే మొదటి రోజు కింద నల్లనీళ్ళు సంచిలా చేరతాయి, అది మామూలే, అంచు లేచి కారడం మొదలైతే మాత్రం తీసేయాలి. మీ షాపువాళ్ళు దీని లెక్క దానికి చెప్పినట్టున్నారు. రెండూ చూడ్డానికి ఒకటే ప్లాస్టిక్ కదా అనుకుంటారు కొందరు, ఏం చేస్తాం.

ఇప్పుడు నీకు జరుగుతున్నది మొత్తం మామూలు లెక్కే. మొదటి రెండు మూడు రోజులు ఎర్రగా, వేడిగా, ఎండలో మాడినట్టు ఉంటది, పల్చటి నీరు ఇంక్‌తో కలిసి కారుద్ది. నాలుగో రోజు నుంచి బిగుసుకుని పొట్టు లేవడం మొదలవుద్ది. ఆ పొట్టుకి రంగు అంటుకుని ఊడుద్ది, అది చూసి చాలామంది అన్నా నా టాటూ మొత్తం రాలిపోతోంది అని అర్ధరాత్రి ఫోన్ చేస్తారు. ఏం రాలదు. ఇంక్ ఉండేది కింద పొరలో, ఊడేది పై పొర. పొట్టు పోయాక కూడా ఒక రెండు మూడు వారాలు పైన పాలపొర కప్పినట్టు మసకగా కనిపిస్తది, దాన్ని చూసి కంగారు పడొద్దు, అదీ తేరుకుంటది. పైకి మానడానికి రెండు నుంచి నాలుగు వారాలు, లోపల పూర్తిగా సర్దుకోడానికి రెండు మూడు నెలలు.

ఎరుపు ఉబ్బుగా ఉండటానికి కారణం చెప్తా. గీత ఒక్కసారి లాగేస్తాం, రంగు నింపాలంటే అదే చోట సూది మళ్ళీ మళ్ళీ తిప్పాలి, అక్కడ చర్మం ఎక్కువ నలుగుద్ది. నింపిన చోట వాపు రెండు రోజులు లేటుగా దిగుద్ది, నలుపు నింపినా అంతే.

కడగడం ఎలాగంటావా, చేతులు ముందు సబ్బుతో కడుక్కో, తర్వాత గోరువెచ్చటి నీళ్ళు, వాసన లేని మెత్తటి సబ్బు, వేళ్ళతోనే, పీచు గీచు వద్దు, రోజుకి రెండుసార్లు, చెమట ఎక్కువ పడితే మూడు. మగ్గుతో పోసుకో, మంచిదే, పారే నీళ్ళు కాబట్టి. బకెట్లో చెయ్యి ముంచి ఉంచొద్దు. హాస్టల్ బోరునీళ్ళు ఎలా ఉంటాయో అందరికీ తెలిసిందే, తెల్లగా ఉప్పు పేరుకునే నీళ్ళయితే చివర్లో ఒక గ్లాసు కాచి చల్లార్చిన నీళ్ళు పోసెయ్. తుడవడం టవల్‌తో కాదు, హాస్టల్ టవల్ అసలే కాదు, టిష్యూ పేపర్ అద్దు. పది నిమిషాలు ఆరనిచ్చి ఏదన్నా పూయి. ఎంత పూయాలి అంటే, పూశాక మెరుపు కనపడితే ఎక్కువైనట్టు లెక్క. నా దగ్గరికి టచప్‌కి, అంటే పాడైన చోట మళ్ళీ సరిచేయించుకోడానికి, వచ్చేవాళ్ళలో చాలామంది తక్కువ పూసి పాడు చేసుకున్నోళ్ళు కాదు, రొట్టెకి వెన్న రాసినట్టు రాసి నానబెట్టుకున్నోళ్ళు.

నేనైతే మొదట్లో కొంచెం పెట్రోలియం జెల్లీ, పొట్టు లేచాక కొబ్బరినూనె చెప్తా. పసుపు వద్దు.

పెడన_పిల్ల:

థాంక్యూ అన్నా, ఇంత ఓపిగ్గా ఎవరూ చెప్పలేదు. పసుపు ఎందుకు వద్దు? మా ఇంట్లో ఏ దెబ్బ తగిలినా అదే కదా. ఇంకోటి, మెడికల్ షాపు ట్యూబ్ మీద చూశా, మూడు పేర్లున్నాయి, మొదటిది క్లోబెటసాల్ అని ఉంది. నిన్న రాత్రి తోక దగ్గర కొంచెం రాశా, పొద్దున్నకి దురద తగ్గింది. వాడొచ్చా?

ఓరుగల్లు_చర్మం:

అమ్మా ఆ ట్యూబ్ పక్కన పెట్టేయ్, ఇంకోసారి రాయకు. నేను వరంగల్‌ల స్కిన్ డిపార్ట్‌మెంట్‌ల పీజీ చేస్తున్న, మా ఓపీలో రోజూ చూసే కథ ఇది. క్లోబెటసాల్ అంటే చర్మానికి పూసే స్టెరాయిడ్లలో బాగా ఘాటైన రకం. దాంతోటి ఒక యాంటీబయోటిక్, ఒక ఫంగస్ మందు కలిపి ఒకే ట్యూబ్‌ల పెట్టి అమ్ముతరు, అందుకే అన్నిటికీ ఇదే అని చెప్పగలుగుతడు. ఒక్క రాత్రిల దురద తగ్గింది కదా, అదే దాని మాయ. దురద, ఎరుపు, వాపు అన్నీ గాయం మానడంల భాగం, దాన్ని అది అణచిపెడుతది, మానుడు లేటయితది, లోపల ఏదన్నా ఇన్ఫెక్షన్ ఉంటే పైకి తెల్వకుండ పెరుగుతది. అట్లనే నెలలు రాస్తే చర్మం పల్చబడుడు, చారలు పడుడు, మొటిమలు. ఒక్కసారి రాసినందుకు ఏం కాదు, భయపడకు. 2018ల స్టెరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలని రూల్ పెట్టిన్రు, అయినా కౌంటర్ మీద అడిగితే ఇస్తనే ఉన్నరు, గది వేరే బాధ.

పసుపు సంగతి. పసుపులో మంచి గుణాలు లేవని నేను అనను, కానీ వంటింటి డబ్బాల పసుపు గాయం మీద చల్లేంత శుభ్రం కాదు, దాంట్ల ఏం కలిసిందో కూడా తెల్వదు. పైగా పొడి పక్కుల ఇరుక్కుంటే దాన్ని కడగనీకి రుద్దుతవ్, రుద్దితే పక్కు లేస్తది, పక్కుతో పాటు రంగు లేస్తది. డెట్టాల్ కూడా వద్దు, స్పిరిట్ వద్దు, అవి కొత్తగా పుడుతున్న చర్మాన్ని కూడా మండబెడతయ్. నియోమైసిన్ అనే యాంటీబయోటిక్ ఉన్న పొడులు, ఆయింట్‌మెంట్లు కూడా ఊరికే వాడకు, చానామందికి దానికే ఎలర్జీ వస్తది, తర్వాత ఇంక్ పడలేదా మందు పడలేదా అని మేం తల పట్టుకోవాలె.

బెజవాడ అన్న చెప్పినయ్ అన్నీ కరెక్టే, ఒక్క దగ్గర నాది వేరే మాట. పెట్రోలియం జెల్లీ చలికాలంల అయితే సరే అంటనేమో గానీ ఏప్రిల్‌ల హైదరాబాద్‌ల వద్దు. దాని కింద చెమట నిలిచి చెమటకాయల లెక్క చిన్న చిన్న పొక్కులు లేస్తయ్. వాసన లేని, నీళ్ళ బేస్ లోషన్ పల్చగా రోజుకు రెండు మూడుసార్లు చాలు. బిగుసుకున్నట్టు అనిపిస్తోంది అన్నవ్ కదా, అది ఏం రాయకపోతే వచ్చే బిగుతు.

దురద వస్తే గోకకు, తట్టు. ఫ్రిజ్‌ల పెట్టిన చల్లటి నీళ్ళ సీసాను శుభ్రమైన బట్టల చుట్టి పక్కన ఆనించుకో. రాత్రి నిద్రల గోకే అలవాటుంటే గోర్లు కట్ చేసుకో ముందు.

ఇగ ఎప్పుడు డాక్టర్ దగ్గరికి ఉరకాలో చెప్త, ఇది మాత్రం గుర్తు పెట్టుకో. రోజురోజుకు నొప్పి తగ్గాలె. మూడో రోజు తర్వాత తగ్గకుండ పెరుగుతున్నదంటే తేడా ఉన్నట్టు. టాటూ అంచు దాటి ఎరుపు పాకుతున్నా, చేతి మీదకి ఎర్రటి గీత లెక్క ఎగబాకినా, పచ్చటి చీము, కంపు, జ్వరం, చలి ఉన్నా ఆగొద్దు, ఆ పూటే పోవాలె. డౌటుంటే ఎరుపు ఆగిన చోట బాల్ పెన్నుతో గీత గీసి పెట్టుకో, పొద్దున చూసుకుంటే గీత దాటిందా లేదా తెలుస్తది. నీ మాటల్ని బట్టి అట్లాంటిది ఏం కనపడతలేదు, కానీ ఫోన్ల చూసి చెప్పేది కాదు ఇది. షుగర్ ఉన్నోళ్ళకు గాయం మెల్లగా మానుతది, నీకు ఏమన్నా ఉంటే ముందే చూపించుకో. అట్లనే ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నవో గుర్తు చేసుకో.

పెడన_పిల్ల:

షుగర్ ఏం లేదండి, ఇంజెక్షన్ పోయినేడాది బండి మీద నుంచి పడ్డప్పుడు వేశారు. ట్యూబ్ చెత్తబుట్టలో వేసేశా. మరి మెహెందీ?

బెజవాడ_సూది:

టాటూ మీద వద్దే వద్దు. కోన్‌లో ఏం కలుపుతారో దేవుడికెరుక, నల్లగా ఎర్రగా పండటానికి కెమికల్ వేసేవి కూడా ఉన్నాయి, మామూలు చర్మమే పొక్కిన కేసులు చూశా. కుడిచేతికి మోచేతి దాకా పెట్టించుకో, ఎడమ చేతికి అరచేతిలో మాత్రం. అదేదో కొత్త ఫ్యాషన్ అని చెప్పు. గాజులు కూడా ఎడమ చేతికి వద్దు, మణికట్టు దగ్గరే కదా చేప తల, అక్కడ గాజు పైకీ కిందకీ ఆడుతుంటే పక్కు ఉండదు.

ఇంకో మాట, ఫుల్ హ్యాండ్స్ అన్నావు. సిల్కు, నైలాన్, పాలిస్టర్ అయితే చెమటకి అంటుకుపోద్ది, వదులుగా ఉన్న కాటన్ వేసుకో. బట్ట అంటుకుపోతే మాత్రం పీకొద్దు, నీళ్ళతో తడిపి నాననిచ్చి తియ్యి.

రుషికొండ_కెరటం:

నా అనుభవం చెప్తా, ఇంకెవరూ చెయ్యకుండా. నాది వైజాగ్. పిక్క మీద పెద్ద లంగరు వేయించుకుని ఎనిమిదో రోజు ఫ్రెండ్స్‌తో రుషికొండ బీచ్‌కి వెళ్ళా. షాపతను చెప్పాడు సముద్రం వద్దని, నేనేమో ఉప్పునీళ్ళు గాయానికి మంచిదే కదా, మా తాత చిన్నప్పుడు ఉప్పునీళ్ళతోనే కడిగేవాడు కదా అని మోకాలు దాకా దిగా, మోకాలు దాకా దిగినవాడు అక్కడ ఆగుతాడా, గంటన్నర ఈత. రెండో రోజుకి పిక్క కొబ్బరికాయలా అయింది. జ్వరం. యాంటీబయోటిక్ ఇంజెక్షన్లు, వారం సెలవు. లంగరుకి ఇప్పుడు ఒక కొక్కెమే ఉంది, రెండోది మచ్చలో కలిసిపోయింది, చూసినవాళ్ళు గొడుగు కర్రా అంటారు.

డాక్టరు గారు అప్పుడు ఒక కేసు చెప్పారు, తర్వాత నేనూ వెతుక్కుని చదివా. 2017లో బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చింది, అమెరికాలో 31 ఏళ్ళ అతను టాటూ వేయించుకున్న ఐదో రోజు గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఈదాడట, సముద్రపు నీళ్ళలో ఉండే విబ్రియో అనే బ్యాక్టీరియా పట్టి చివరికి చనిపోయాడు. అతనికి ముందునుంచే లివర్ జబ్బు ఉంది, అందుకే అంత దూరం వెళ్ళిందని రాశారు. నాకు లివర్ బాగుంది కాబట్టి గొడుగు కర్రతో పోయింది.

సముద్రమే కాదు, స్విమ్మింగ్ పూల్, చెరువు, కోనేరు, పుష్కరాలు ఏదైనా కనీసం మూడు నాలుగు వారాలు దిగకూడదు. పెళ్ళయ్యాక మొక్కు అని ఎక్కడికైనా తీసుకెళ్ళి మునగమంటారేమో, నెత్తిన నాలుగు చుక్కలు చల్లుకో చాలు.

గోంగూర_బ్యాచ్:

మంగినపూడి బీచ్ పెడనకి దగ్గరే. పెళ్ళి బ్యాచ్ మొత్తం అక్కడికే పోద్ది రాసిపెట్టుకో.

పిన్నిగారు_62:

ఇదంతా చదువుతుంటే మా అమ్మ చెయ్యి గుర్తొచ్చింది. ఆవిడకి మోచేతి దగ్గర నుంచి మణికట్టు దాకా పచ్చబొట్టు ఉండేది, తులసికోట, దాని చుట్టూ చుక్కలు, కింద నాన్నగారి పేరు కాదు, వాళ్ళ అన్నయ్య పేరు. పెళ్ళికి ముందు పొడిపించుకున్నారట. మా ఊరికి ఎరుకల ఆవిడ వచ్చేది, బుట్టలు అమ్ముతూ, సోది చెబుతూ, అడిగినవాళ్ళకి పచ్చబొట్టు పొడిచేది. దీపం మసి ఏదో ఆకు పసరులో నూరి, నాలుగైదు సూదులు దారంతో కట్ట కట్టి, నొప్పి తెలీకుండా పాట పాడుతూ పొడిచేదని అమ్మ చెప్పేవారు. అయ్యాక పసుపు ఆముదంలో కలిపి పట్టించేది. అదే ఇప్పటికీ మన ఇళ్ళల్లో మిగిలిపోయింది అనుకుంటా, టాటూకి కూడా పసుపే అంటున్నారు.

పసుపుతో మా అమ్మకి మానింది. కానీ అమ్మ ఇంకో మాట కూడా చెప్పేవారు, అదే రోజు అదే సూదులతో పొడిపించుకున్న వాళ్ళ పెదనాన్న కూతురికి చెయ్యి పుచ్చి నెల్లాళ్ళు మంచం పట్టిందని, తులసికోట ఉండాల్సిన చోట గుంట పడిందని. మనం మానినవాళ్ళ కథలే చెప్పుకుంటాం. సూది ఒకరి నుంచి ఒకరికి మారితే కామెర్ల జబ్బులు కూడా అంటుకుంటాయని అప్పట్లో ఎవరికి తెలుసు. నీకు కొత్త సూది ప్యాకెట్ నీ ముందే విప్పారా తల్లీ? అది అడిగావా?

అమ్మకి చెప్పేయి. పెళ్ళిలో నలుగు పెడుతూ ఎవరో చెయ్యి లాగుతారు, అప్పుడు నలుగురిలో తెలియడం కంటే ముందు రోజు రాత్రి వంటింట్లో చెప్పడం నయం.

పెడన_పిల్ల:

విప్పారండి, సూది ప్యాకెట్ నా ముందే చింపారు, గ్లౌజులు కూడా కొత్తవే. ఇంక్ మాత్రం చిన్న చిన్న మూతల్లో పోసి, లేత రంగు కోసం నీళ్ళు కలిపారు. అది ఏం నీళ్ళో అడగలేదు.

ఓరుగల్లు_చర్మం:

అది అడగాల్సిందే. షేడింగ్‌కు ఇంక్ పల్చన చేసేటప్పుడు స్టెరైల్ వాటరే, అంటే ఏ సూక్ష్మజీవి లేని నీళ్ళే, వాడాలె, నల్లా నీళ్ళు, ఆర్‌ఓ నీళ్ళు, బిస్లరీ ఏదీ కాదు. తాగే నీళ్ళు వేరు, చర్మం కిందకి పోయే నీళ్ళు వేరు. నీళ్ళల్ల ఉండే టీబీ జాతి బ్యాక్టీరియా కొన్ని ఉంటయ్, అవి చర్మంల పడితే ఒకటి నుంచి మూడు వారాల తర్వాత, అప్పటిదాక అంతా మంచిగనే ఉండి, షేడింగ్ ఉన్న చోటనే ఎర్రగ గింజలు గింజలు లేస్తయ్. మామూలు యాంటీబయోటిక్‌కు తగ్గవు, నెలల తరబడి మందులు. 2011 చివర్ల న్యూయార్క్ రాష్ట్రం రోచెస్టర్‌ల 19 మందికి గిట్లనే అయింది, అందరికీ ఒక్క ఆర్టిస్టే, ఒక్క రకం బూడిదరంగు ఇంకే. అక్కడ ఆర్టిస్టు తప్పు కూడా కాదు, సీలు విప్పని ఇంక్ సీసాలనే ఆ బ్యాక్టీరియా దొరికింది. నీకు గట్లయితదని చెప్తలేను, నెలలోపు అట్లాంటి గింజలు కనిపిస్తే మొటిమలు అనుకొని వదిలేయకుండ, టాటూ వేయించుకున్న అని డాక్టర్‌కు చెప్పాలె. చానామంది సిగ్గుపడి చెప్పరు.

ఉప్పల్_రన్నర్:

అన్నలూ ఒక డౌట్, టాపిక్ వేరే అనుకోకండి. నేను ఎస్ఎస్‌సీ జీడీకి, అదే కేంద్ర బలగాల కానిస్టేబుల్ పరీక్షకి, ప్రిపేర్ అవుతున్న, ముంజేతి మీద హనుమంతుడు వేయించుకుందాం అనుకుంటున్న. ప్రాబ్లమా?

బెజవాడ_సూది:

తమ్ముడూ ముందు ఎగ్జామ్ రాయి. కేంద్ర బలగాల్లో దేవుడి బొమ్మ, పేరు లాంటివి ఒప్పుకుంటారు గానీ ఎడమ ముంజేతి లోపలివైపు అంటే సెల్యూట్ కొట్టని చెయ్యి, లేదా అరచేతి వెనక, సైజు కూడా ఆ భాగంలో నాలుగో వంతు లోపు ఉండాలి. కుడిచేతికి వేయించుకుని తర్వాత లేజర్‌కి డబ్బులు తగలేసినవాళ్ళు నాకు ఇద్దరు తెలుసు. నోటిఫికేషన్‌లో మెడికల్ పేజీ చదివి రా, అప్పుడు వేస్తా.

రక్తం ఇచ్చే అలవాటున్నా తెలుసుకో, టాటూ తర్వాత ఏడాది పాటు మన దగ్గర బ్లడ్ బ్యాంక్‌లో తీసుకోరు.

పెడన_పిల్ల:

హాయ్ మళ్ళీ నేనే, ఇవ్వాళ 16వ రోజు. పెళ్ళి బాగా జరిగింది. జరిగింది జరిగినట్టు చెప్తా.

పిన్నిగారు చెప్పినట్టు ఆదివారం రాత్రి వంటింట్లో అమ్మకి చూపించా. రెండు నిమిషాలు ఏం మాట్లాడలేదు. తర్వాత "చేపేంటే, నెమలి లేదా" అంది. తిట్లు ఆ తర్వాత మొదలయ్యాయి, అవి ఇక్కడ రాయను, గోంగూర బ్యాచ్‌కి సంతోషంగా ఉంటుంది. నాన్న మాత్రం కళ్ళజోడు పెట్టుకుని దగ్గరగా చూసి పొలుసుల వరస ఒక చోట తప్పింది అన్నారు. ముప్పై ఏళ్ళు అచ్చు వేసిన మనిషి, నిజంగానే తప్పింది, నాకు ఇన్నాళ్ళు కనపడలేదు, ఇప్పుడు అదొక్కటే కనిపిస్తోంది.

నలుగు పెట్టేటప్పుడు అమ్మే నా ఎడమ చేతికి వదులుగా పల్చటి కాటన్ బట్ట చుట్టి, దెబ్బ తగిలింది ఎవరూ ముట్టుకోవద్దని చెప్పింది. మెహెందీ ఒక చేతికే పెట్టించుకున్నా. అంతా బాగుంది అనుకునేలోపు తెల్లవారుజామున ముహూర్తం హడావుడిలో పట్టుజాకెట్టు వేసుకున్నా, మోచేతుల జాకెట్టు, దాని జరీ అంచు సరిగ్గా మడత దగ్గర పక్కుకి అంటుకుపోయింది. తడిపి తియ్యాలి అని తెలుసు, అన్న చెప్పాడు, కానీ తలంబ్రాలకి పిలుస్తుంటే లాగేశా. రవ్వంత రక్తం వచ్చింది. అక్కడ తోక చివర గీత బియ్యపుగింజంత మేర ఊడిపోయింది.

మిగతా నలుపంతా మానింది, మెరుస్తోంది, అన్న చెప్పిన పాలపొర ఉంది. పొట్టు మొత్తం పోయింది. లోషన్ రెండుపూటలా పూస్తున్నా. ఎరుపు మాత్రం చేత్తో తడిమితే ఇంకా లేచే ఉంది, పొలుసుల దగ్గర కొంచెం తగ్గింది, తోక దగ్గర తగ్గలేదు, చెమట పడితే దురద. నొప్పి లేదు, జ్వరం లేదు, పెన్నుతో గీత గీసి చూశా, దాటలేదు. ఇది ఎలర్జీనా? టచప్ ఎప్పుడు చేయించుకోవాలి?

ఓరుగల్లు_చర్మం:

ఒకే రంగు ఉన్న చోటనే ఉబ్బు, దురద నిలిచిపోతే మేం ముందు అనుమానించేది ఎలర్జీనే, అండ్ల ఎరుపుకే ఎక్కువ వస్తది. కానీ 16 రోజులకే ఆ మాట అనలేం. నిండా నింపిన చోట మానుడు లేటయితది, నీకైతే మధ్యల పక్కు లాగిన గాయం కూడా ఉంది. అసలు ఎలర్జీ చానాసార్లు వారాలకు, నెలలకు, ఒక్కోసారి ఏండ్లకు బయటపడుతది. రోజూ తడుముకుంటూ కూర్చోకు. వారానికి ఒకసారి, ఒకే టైంకి, ఒకే వెలుతురుల ఫోటో తీసి పెట్టుకో. దినాం తగ్గుతున్నట్టుంటే వదిలేయ్. నెల దాటినా ఎరుపు మాత్రమే లేచి ఉన్నా, ఇంకా గట్టిపడుతున్నా స్కిన్ డాక్టర్‌కు చూపించు. వాళ్ళు అవసరమైతే చిన్న ముక్క తీసి టెస్టుకు పంపుతరు, మందు ఏం పెట్టాలో, స్టెరాయిడ్ కావాలంటే ఎంత, ఎన్ని రోజులు, వాళ్ళే రాస్తరు. అప్పటిదాక ఎవరైనా లేజర్‌తో ఎరుపు తీసేద్దాం అంటే ఒప్పుకోకు, ఎలర్జీ ఉన్న రంగును లేజర్‌తో పగలగొడితే ఒళ్ళంతా రియాక్షన్ వచ్చే రిస్కు ఉంది.

బెజవాడ_సూది:

టచప్‌కి తొందరేం లేదు, రెండు నెలలు ఆగు. ఎరుపు సంగతి తేలకుండా మళ్ళీ ఎరుపు పొడిపించుకోవద్దు, నలుపు గీత మాత్రం కలిపించుకో. అప్పటిదాకా బండి మీద వెళ్ళేటప్పుడు ఎండ పడకుండా కాటన్ స్లీవ్ వేసుకో. పొట్టు మొత్తం పోయి చర్మం మామూలుగా అయింది కాబట్టి ఇంకో వారం పది రోజులు ఆగి ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్ మొదలుపెట్టు, పచ్చిగా ఉన్నప్పుడు పూయకూడదు గానీ ఆ తర్వాత పూయడం ఆపకూడదు, ఎరుపు మన ఎండకి తొందరగా వెలిసిపోద్ది.

పొలుసుల వరస ఎక్కడ తప్పిందో ఒక ఫోటో పెట్టు చెల్లీ, నాకూ చూడాలనుంది.

పెడన_పిల్ల:

ఫోటో పెట్టను అన్నా, ఆ షాపువాళ్ళు గుర్తుపడతారు. నాన్న ఒక కాగితం మీద సరైన వరస గీసి ఇచ్చారు, టచప్‌కి వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళమన్నారు. తనూ వస్తానంటున్నారు, అదే భయంగా ఉంది.

గోంగూర_బ్యాచ్:

తీసుకెళ్ళు. ఆయన కూడా ఒకటి వేయించుకుని వస్తాడు చూడు.

పెడన_పిల్ల:

నెల దాటాక ఎరుపు సంగతి వచ్చి చెప్తా. ప్రస్తుతానికి దురద వస్తే తడుతున్నా, పక్క సీటు వాళ్ళు చేతికి దోమలు కుడుతున్నాయా అని అడుగుతున్నారు.